ఎవరిదీ కాని బ్రాకెట్

శవం చేతిలో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది.

కొత్త లైబ్రరీ హాలు మధ్యలో, పైకప్పు నుంచి కూలిపోయిన ఇనుప నడక వంతెన కింద ఆమె వెల్లకిలా పడి ఉంది. తలకు హెల్మెట్ ఉంది. కాళ్ళకు బూట్లున్నాయి. తన జాగ్రత్తలో తనుంది పాపం. పైనుంచి వచ్చిపడిన బరువు ఆ జాగ్రత్తకు ఆగేది కాదు, అంతే.

ఇన్‌స్పెక్టర్ ఖాకీ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. టార్చి వెలుగు ఎటు పడుతోందో చూసింది. తిన్నగా పైకప్పు మీదికి.

“బాబాయ్, ఈవిడ నడిచిపోతుంటే మీద పడలేదు. నిలబడి పైకి చూస్తుంటే పడింది.”

హెడ్ కానిస్టేబుల్ ఆమె కంటే వయసులో చాలా పెద్ద. అందరి ముందూ ఆమె అతన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. అతను మెడ వెనక్కి వాల్చి చూశాడు.

“పైన చూడ్డానికేముంది మేడమ్? సున్నం తప్ప.”

“వంతెనని పట్టుకుని ఉండాల్సింది ఏదో ఉంది. ఇప్పుడు లేదు.”

పైకప్పు నుంచి ఇనుప కడ్డీలు ఒంటరిగా వేలాడుతున్నాయి. ఆ కడ్డీలకు వంతెనని తగిలించే బ్రాకెట్లు నేలమీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒకటి తీసి చూసింది. రేకు డబ్బా మూత ఊడబెరికినట్టు చీలిపోయి ఉంది. కోసిన గుర్తు లేదు. బోల్టులు వదులు చేసిన జాడ లేదు.

నిన్న సాయంత్రం వంతెన మీద పుస్తకాల బీరువాలు పెట్టారు. దాని మీద బరువు పడడం అదే మొదలు. పొద్దున వచ్చింది ఈమె ఒక్కతే. వాచ్‌మన్ తలుపు తీశాడు. “అన్నా, ఒక్కసారి చూసి వచ్చేస్తా” అందట.

అదే ఆఖరి మాట.

*

“ఆ వంతెన డిజైన్ ఆవిడదే,” అన్నాడు చీఫ్.

లైబ్రరీకి డిజైన్ చేసిన కంపెనీ అతనిది. గది చుట్టూ అద్దాలు, గోడ నిండా డ్రాయింగులు. చనిపోయినామెను ఆ ఆఫీసులో అందరూ గీతలమ్మ అనేవాళ్ళు. ఆమె గీసిన గీత మళ్ళీ చెరిపే పని ఉండదని.

“బ్రాకెట్ కూడా ఆవిడదేనా?”

“వంతెన ఆవిడదైనప్పుడు బ్రాకెట్ ఇంకెవరిదవుతుంది? దాని లెక్క కట్టడం మర్చిపోయుంటుంది. పొద్దున్నే గుర్తొచ్చి పరిగెత్తుకెళ్ళుంటుంది. పోయినవాళ్ళని అనకూడదు గానీ, పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ మనిషి ఇక్కడ, మనసు ఉయ్యాల్లో.”

“ఆలస్యంగా వచ్చేదా?”

“లేదు.”

“పనిలో తప్పులు దొరికాయా?”

“లేదు.”

“మరి మనసు ఉయ్యాల్లో ఉందని ఎలా తెలిసింది?”

చీఫ్ టై సర్దుకున్నాడు.

“లైబ్రరీవాళ్ళతో మీ ఒప్పందం ఏమిటి సార్?”

“పునాది నుంచి పైకప్పు దాకా పూర్తి డిజైన్ మేమే ఇవ్వాలి.” ఈ మాటకు అతని గొంతులో కాస్త గర్వం వచ్చింది. “అన్నీ ఒకచోటే దొరుకుతాయనేగా మాకిచ్చారు.”

“మరి వంతెనని వేలాడదీసే ఇనుప భాగం?”

“స్టీలు కంపెనీకి అప్పజెప్పాం. అక్కడి ఇంజనీరు గీతలమ్మ మొగుడే. ఇద్దరి డ్రాయింగులూ ఎదురెదురు పెట్టి మీటింగ్ పెడదాం సార్ అని అడిగిందావిడ. ‘మీ ఇద్దరికీ మీటింగెందుకమ్మా, వంటింట్లో మాట్లాడుకోండి’ అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.”

“ఆవిడ నవ్విందా?”

“గమనించలేదు.”

ఇన్‌స్పెక్టర్ గోడ దగ్గరికి వెళ్ళింది. ఒక డ్రాయింగులో దీపాలు చుక్కల గీతల్లో ఉన్నాయి.

“ఇవెందుకిలా?”

“అవి కరెంటువాళ్ళ పని. అవతలివాళ్ళది ఎక్కడొస్తుందో తెలియడానికి చుక్కల్లో గీసుకుంటాం. మాది మాత్రం నిండు గీత. ఈ వృత్తిలో అందరి అలవాటూ అదే.”

“ఈవిడ వంతెన డ్రాయింగ్ నాకు కావాలి. స్టీలు కంపెనీది కూడా.”

*

ఆస్పత్రి వరండాలో స్టీలు ఇంజనీరు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు. గుండీలు తప్పాయని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పే మనిషి లోపల చల్లటి గదిలో ఉంది.

“వంతెన సంగతి ఇంట్లో మాట్లాడుకునేవారా?”

“ఇంట్లో ఆఫీసు మాట ఎత్తకూడదండీ. పాప పుట్టాక పెట్టుకున్న రూలు. గడప లోపలికొస్తే తను గీతలమ్మ కాదు, నేను స్టీలూ కాదు. మాట తప్పినవాళ్ళు ఆ రోజు పాప గుడ్డలు ఉతకాలి.” అతని పెదవుల మీద చిన్న నవ్వు పుట్టి, పుట్టినచోటే చచ్చిపోయింది. “ఎక్కువ నేనే ఉతికేవాణ్ణి.”

“బ్రాకెట్ లెక్క ఎవరు కట్టారు?”

“తనే. తన డ్రాయింగులో ఉంది కదా. ఫ్యాక్టరీలో ఆ బొమ్మ చూసే కోశారు.”

“రేకు మందం ఎంతుండాలో అందులో రాసుందా?”

“ఉండే ఉంటుంది. తను చేసిందాన్ని నేను రెండోసారి చూడను మేడమ్. చూస్తే అవమానించినట్టుంటుంది.”

వరండా చివరి బెంచీ మీద గీతలమ్మ తల్లి కూర్చుని ఉంది. ఒళ్ళో పాప నిద్రపోతోంది. ఇన్‌స్పెక్టర్‌ని చూడగానే కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఆఫీసువాళ్ళు తప్పంతా మా పిల్లదే అంటున్నారటగా అమ్మా? రేపు ఇది పెద్దదై, మా అమ్మ ఎలా పోయిందే అమ్మమ్మా అని అడుగుతుంది. తను చేసింది తన నెత్తినే పడిందని చెప్పనా?”

“ఇంకా ఏమీ తేలలేదమ్మా. పొద్దున అక్కడికెందుకు వెళ్ళిందో మీకేమైనా చెప్పిందా?”

పెద్దావిడ అల్లుడు కూర్చున్న వైపు చూసింది. గొంతు బాగా తగ్గించింది.

“రాత్రి పక్కగదిలో నుంచి వినబడింది. ‘ఏమండీ, ఒక్కమాట అడగనా’ అంది. ఆ అబ్బాయి నిద్రమత్తులో, ‘ఆఫీసుదైతే గుడ్డలు నువ్వే ఉతకాలి’ అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అంతే, పడుకున్నారు. పొద్దున బయల్దేరుతూ నాతో అంది. ‘ఆ బ్రాకెట్ లెక్క ఆయన కట్టారో లేదో అడుగుదామనుకున్నానమ్మా. అలిసిపోయి పడుకున్నారు, లేపకు. నేనే వెళ్ళి కళ్ళారా చూసొస్తా.’” ఆవిడ ఇన్‌స్పెక్టర్ చేయి గట్టిగా పట్టుకుంది. “ఇది ఆ అబ్బాయికి చెప్పకు తల్లీ. నీకు పుణ్యముంటుంది.”

*

మధ్యాహ్నం అందరినీ చీఫ్ గదిలోనే కూర్చోబెట్టింది. చీఫ్, స్టీలు ఇంజనీరు, తలుపు పక్కన పాపతో పెద్దావిడ. బాబాయ్ గడియ పెట్టి నిలబడ్డాడు.

“ఇది గీతలమ్మగారి డ్రాయింగ్. ఇది స్టీలు కంపెనీది. నాకు డ్రాయింగ్ చదవడం రాదు. అందుకని ముగ్గు చూసినట్టు చూశాను.”

రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి, కిటికీ అద్దానికి ఆనించింది. వెనకనుంచి ఎండ కొట్టింది. రెండూ ఒకటే బొమ్మయిపోయాయి.

“వంతెన, రెయిలింగు. ఇవి ఆవిడ పని. ఆవిడది నిండు గీత, కింద ఆయనది చుక్కలు. కడ్డీలు ఆయన పని. ఆయనది నిండు గీత, ఆవిడది చుక్కలు. ఎక్కడ చూసినా ఎవరో ఒకరి నిండు గీత ఉంది. ఇప్పుడు బ్రాకెట్ దగ్గర చూడండి.”

చుక్కల మీద చుక్కలు.

స్టీలు ఇంజనీరు లేచాడు. కిటికీ దగ్గరికొచ్చి ఆ చోట వేలు పెట్టాడు.

“నాదనుకుంది,” అన్నాడు.

“మీరు ఆవిడదనుకున్నారు. బ్రాకెట్ రెండు డ్రాయింగుల్లోనూ ఉంది కాబట్టి చూసినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు. లెక్క మాత్రం ఎవరూ కట్టలేదు. మందం ఎక్కడా లేదు. ఫ్యాక్టరీలో చేతికందిన రేకు కోసి తగిలించారు.”

చీఫ్ గట్టిగా ఊపిరి వదిలాడు. “అదిగో! మొగుడూ పెళ్ళాం ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే నేనేం చేసేది మేడమ్?”

“ఈ రెండు కాగితాలూ ఇలా కిటికీకి పెట్టి చూడాల్సిందెవరు సార్?”

చీఫ్ చూపు గోడమీది డ్రాయింగుల మీదికి మళ్ళించాడు.

“ఆవిడ ఒప్పుకున్నది వంతెన. ఆయన ఒప్పుకున్నది స్టీలు. పూర్తి డిజైన్ ఇస్తానని సంతకం పెట్టింది మీరొక్కరే. పని ముక్కలు చేసి పంచారు, కాదనను. ముక్కకీ ముక్కకీ మధ్య ఉన్న ఖాళీని ఎవరికి పంచారు? అది మీ దగ్గరే ఉండిపోయింది. ఆ ఖాళీ గురించే ఆవిడ మీటింగ్ అడిగింది. మీరు నవ్వులాటకి కొట్టేశారు. మీటింగ్ జరక్కుండానే అన్నీ సరిచూశామని లైబ్రరీకి రాసిచ్చారు.”

“నేను లాయర్‌తో మాట్లాడాలి.”

“మాట్లాడుకుందురు గాని రండి సార్,” అన్నాడు బాబాయ్ గడియ తీస్తూ. “వంటింట్లో కాదు, స్టేషన్లో.”

ఎవరూ నవ్వలేదు.

చీఫ్ వెళ్ళిపోయాక ఇన్‌స్పెక్టర్ పెద్దావిడ ముందుకొచ్చింది. “మీ అమ్మాయి తప్పు కాదమ్మా. పాపకి ధైర్యంగా చెప్పండి. అనుమానం వచ్చింది ఆవిడొక్కదానికే.”

పెద్దావిడ తలూపింది. కళ్ళు మాత్రం కిటికీ వైపే ఉన్నాయి.

స్టీలు ఇంజనీరు ఇంకా అద్దం దగ్గరే నిలబడి ఉన్నాడు. చాలాసేపటికి ఇటు తిరిగాడు.

“అత్తయ్యా, రాత్రి తను నన్నేదో అడగబోయింది. నేను నిద్రలో ఏదో వాగాను. ఏం అడగబోయిందో మీకు తెలుసా?”

పెద్దావిడ ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఇన్‌స్పెక్టర్ తల దించుకుని చేతిలోని టోపీ అంచు తుడవడం మొదలుపెట్టింది. అది శుభ్రంగానే ఉంది.

“రాత్రి పాపకి ఒళ్ళు వెచ్చబడింది బాబూ,” అంది పెద్దావిడ. “మందు వెయ్యనా అని అడుగుదామనుకుందట. నువ్వు అలిసిపోయావని ఊరుకుంది.”

“ఆఫీసు సంగతి కాదా?”

“అబ్బే, ఆఫీసు సంగతి ఇంట్లో ఎందుకెత్తుతుంది? రూలుందిగా.”

“మరి మందు వేసిందా?”

“పొద్దున్నే వేసి వెళ్ళింది.”

అతను దగ్గరికొచ్చి పాపని చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేయి తిప్పి, చేతి వెనకవైపు నుదుటి మీద ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

నుదురు చల్లగా ఉంది.

“తగ్గిపోయింది అత్తయ్యా,” అన్నాడు.