రెండు తలుపుల కారు

పొద్దున్నే పాలప్యాకెట్లు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాక ఏకాంబరం చేసే మొదటి పని కారు తుడవడం. కోడలు భానుశ్రీ వాకిట్లో ముగ్గు వేస్తుంటే, ఆయన బకెట్‌లో గుడ్డ ముంచుకుని అద్దాల దగ్గర మొదలుపెట్టి చక్రాల దాకా తుడుస్తాడు. చివరికి వెనక తలుపు తీసి, సీటు మీదున్న నీలిగళ్ల తువ్వాలు దులిపి, ముడత లేకుండా మళ్లీ పరుస్తాడు.

ఆ తువ్వాలు ఆయన భార్య చంద్రకాంతమ్మది. ఆమె పోయి మూడేళ్లు. ఆ తువ్వాలు మీద ఎవరూ కూర్చోరు. దాని పక్కన, డ్రైవరు సీటు వెనక ఏకాంబరం కూర్చుంటాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా అంతే. కూర్చోవద్దని ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అదలా కుదిరిపోయింది.

ఆ ఆదివారం మాత్రం ఆయన కారును ఎక్కువసేపు తుడిచాడు. ఆ రోజు దాన్ని చిత్తూరులో ఇచ్చేసి, దాని బదులు కొడుకు నరేంద్ర చూసి పెట్టుకున్న ఇంకో కారు తెచ్చుకోవాలి. కొత్తది కాదు, ఎవరో వాడినదే. కానీ చూడ్డానికి ఏకాంబరం చిన్నప్పటి కారులా ఉంటుంది. గుండ్రటి లైట్లు, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, మీగడరంగు, తళతళలాడే వెండిరంగు అంచులు. లోపల యంత్రమంతా ఈ కాలందే. రూపం మాత్రం పాతది. అన్నిటికంటే ముఖ్యం, దానికి తలుపులు రెండే.

"ఏందబ్బా, ఇంకా తుడస్తానే ఉండావు? పోయే బండికి ఇంత సింగారమా?" అంటూ అక్క రాఘవమ్మ కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చింది. ఆమెది పాకాల. ముందురోజు రైల్లో వచ్చి దిగింది. నోరు కాస్త పెద్దది, మనసు కూడా.

"మురికిగా ఇస్తే బాగుండదు గదక్కా."

"ఫోన్లో సూపించినాడులే నీ కొడుకు. గుండ్రంగా గుంతపొంగణం మాదిరి ఉండాది ఆ కారు. సూసేకి ముద్దుగానే ఉండాది. అయితే ఒక మాట అడుగుతా. రెండు తలుపులే గదా, నువ్వు యాడ కూచుంటావు? డిక్కీలోనా?"

"వెనకాల సీటు ఉందంట. ముందు సీటు మడిచి ఎక్కాలంట."

"నీ మోకాలితో? మెట్లెక్కేకి గోడ పట్టుకుంటావు నువ్వు." రాఘవమ్మ గొంతు తగ్గించింది. "నేనేం చెడ్డగా చెప్పడంలేదు. ఒకోసారి పిల్లోళ్లు నోటితో చెప్పలేనిది ఇట్లా చెప్తారు. మొగుడూ పెండ్లామూ తిరగాలనుకుంటాండారేమో. తప్పు కాదులే."

ఏకాంబరం గుడ్డ పిండి తీగమీద ఆరేశాడు. ఆ మాట తనకూ తట్టిందని అక్కకు చెప్పలేదు. నరేంద్ర ఫోన్లో ఆ కారు బొమ్మ చూపించిన రోజునుంచీ అది మనసులో తిరుగుతూనే ఉంది. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి, ఎవరికీ బరువు కాకూడదని జాగ్రత్తగా బతికిన మనిషి. తన పళ్లెం తానే కడుక్కుంటాడు. టీవీ సౌండు తగ్గించుకుంటాడు. ఇంత చేసినా, తనకు చోటులేని కారు ఇంటికొస్తోంది.

"మామా, బయల్దేరదామా?" భానుశ్రీ నీళ్లసీసా తెచ్చి ఆయన చేతికిచ్చింది. "మందు ఏసుకున్నారా?"

"ఏసుకున్నానమ్మా."

రాఘవమ్మను ఇంట్లో ఉంచి ముగ్గురూ బయల్దేరారు. ఏకాంబరం ఎడమచెయ్యి తువ్వాలు అంచు మీద ఉంది. పాకాల దాటాక రోడ్డుకు రెండువైపులా మామిడితోటలు మొదలయ్యాయి. ఈ దారే వేలూరు ఆస్పత్రికి వెళ్లే దారి. మూడేళ్ల కిందట, ఆ రోజు మధ్యాహ్నం చంద్రకాంతమ్మ ఆయన భుజం మీద తలవాల్చి ఈ సీట్లోనే కూర్చుంది. చిత్తూరు దాటిన కాసేపటికి ఆమె ఊపిరి ఆగిపోయింది. ఆ సంగతి ఏకాంబరం ఆస్పత్రి గేటు దాకా కొడుక్కి చెప్పలేదు. బండి నడుపుతున్నవాడు తట్టుకోలేడని భయం. ఆ దూరమంతా ఆమె చెయ్యి పట్టుకుని ఆ బరువు తానొక్కడే మోశాడు. ఆ తర్వాత కూడా అది ఆయన ఎవరితోనూ పంచుకోలేదు.

అలాంటి సీటును ఇవాళ అప్పగించాలి.

చిత్తూరులో పాత కార్ల వ్యాపారి మునిప్రసాద్ షెడ్డు ముందు ఆ చిన్నకారు ఎండలో మెరుస్తూ నిలబడి ఉంది. నరేంద్ర దిగగానే దాని చుట్టూ ఒకసారి తిరిగి బానెట్ మీద చెయ్యి పెట్టాడు. ఏకాంబరం ముందు సీటు మడిచి వెనక్కి ఎక్కబోయాడు. ఒక కాలు లోపలికి పోయింది. రెండోది మడత పడలేదు. మోకాలు అంచుకు తగిలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"వద్దులేయ్యా, పెద్దోళ్లకి కష్టం," అన్నాడు మునిప్రసాద్ చెయ్యి అందిస్తూ. "ఎనకాల పిల్లోళ్లకి, సామాన్లకి బాగుంటాది. మీకెందుకు?"

నరేంద్ర ఏదో చెప్పబోయాడు. ఏకాంబరం వినలేదు.

"ఈ కారు యాడన్నా గుద్దుకుందా?" అని మునిప్రసాద్‌ను అడిగాడు.

"అయ్యో, లేదయ్యా. డాక్టరుగారి బండి ఇది. నమ్మకం లేకపోతే కాణిపాకం గుడిలో ప్రమాణం చేస్తా."

అక్కడ అబద్ధపు ప్రమాణం చేస్తే దేవుడు ఊరుకోడని నమ్మకం. చిత్తూరు జిల్లాలో ఈ మాట అనని వ్యాపారి లేడు. ఎవరూ దాన్ని పట్టుకుని కూర్చోరు. కానీ ఏకాంబరం చెప్పులు సర్దుకుని, "అయితే పదప్పా," అన్నాడు.

మునిప్రసాద్ నవ్వాడు. పెద్దాయన నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "నిజంగానా అయ్యా?"

"ఎట్లాగూ బండికి పూజ చేయించాల గదా. ఆడికే పోదాం."

"నాయనా, ఏంది ఇది?" నరేంద్ర ఇబ్బందిగా అన్నాడు. "ఆయనేదో మాటవరసకి అన్నాడు."

"మాటవరసకి దేవుడి పేరు చెప్పకూడదు."

నిజానికి ఆయనకు ప్రమాణంతో పనిలేదు. కాణిపాకం దాకా పాత కారులోనే పోవచ్చు. ఆ కాస్త దూరం చంద్రకాంతమ్మ పక్కన కూర్చోవచ్చు. అంతే.

మునిప్రసాద్ చిన్నకారు నడుపుతూ వెనకే వచ్చాడు. కాణిపాకంలో బండ్లు నిలిపేచోట కొత్త ట్రాక్టరుకు ఒకరు పసుపు పూస్తున్నారు. నిమ్మకాయలు, కొబ్బరికాయలు అమ్మే ఆడవాళ్లు చుట్టుముట్టారు. భానుశ్రీ పూలదండ కొంది. ఎదురుగా గోపురం కనిపిస్తోంది. అటు నాలుగడుగులు వేసిన మునిప్రసాద్ ఆగిపోయి, మెడమీద చెమట తుడుచుకున్నాడు.

"అయ్యా, ఒక మాట."

"చెప్పు."

"గుద్దుకోలేదు, అది నిజమే. కానీ డాక్టరమ్మ బండి ఎనక్కి తీస్తా గేటుకి రాసింది. ఎడమతలుపుకి రంగు ఏయించినాము. లోపలికి పోకముందే చెప్పేస్తే మంచిదని."

భానుశ్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నరేంద్ర కూడా నవ్వేశాడు. "ఇంకేమన్నా ఉందాప్పా? గోపురం దగ్గర పడతాండాది."

"స్టెప్నీ టైరు పాతది. ఇంక ఏమీ లేదు. మీరు నన్ను లోపలికి తీసకపోవద్దండి, నేను చెప్పేసినా." మునిప్రసాద్ దండం పెట్టి, టీ అంగడి వైపు వెళ్లిపోయాడు.

ఏకాంబరం నవ్వలేదు. గుడి గేటు నీడలో నిలబడి కొడుకు వైపు తిరిగాడు.

"ఆయప్ప చెప్పేసినాడు. ఇప్పుడు నువ్వు చెప్పు, నరేంద్రా. ఈ కారెందుకు కొంటాండావు?"

"నచ్చింది నాయనా."

"నచ్చిందని నువ్వు దేన్నీ కొనేవాడివి కాదు. చొక్కా కొనేకి కూడా ఆలోచిస్తావు. ఈడ నిలబడి నిజం చెప్పు. నాతో తిరిగేది మీకు కష్టంగా ఉంటే నోటితో చెప్పండి. నేను పాకాలలో అక్కతో ఉంటా. దానికోసం రెండు తలుపుల కారు కొనాల్సిన పని లేదు."

భానుశ్రీ చేతిలోని పూలదండ కిందికి జారింది. "మామా, ఏం మాటలవి?"

"నువ్వు ఉండు భానూ." నరేంద్ర ముఖం ఎర్రబడింది. "నీకు అట్లా అనిపించిందా నాయనా? ఇన్నిరోజులు అదే అనుకుంటా ఉన్నావా?"

"వెనకాల నేను ఎక్కలేను. చూసినావు గదా."

"ఎక్కలేవనే కొంటాండా."

మాట బయటికొచ్చాక నరేంద్రకే అది వేరుగా వినపడింది. ఏకాంబరం రెప్ప వేయలేదు.

"ఎక్కలేవు కాబట్టి ముందర కూచుంటావని కొంటాండా," అన్నాడు నరేంద్ర, ఈసారి మెల్లగా. "ఎన్నిసార్లు అడిగినాను? ముందర రా నాయనా అని. నువ్వు వినవు. వెనకాల కూచుని కిటికీలోంచి చూస్తా ఉంటావు. నీ ముఖం నాకు అద్దంలోనే కనపడతాది. నేనేమో అద్దె డ్రైవరు మాదిరి నడుపుతా ఉంటా."

"అది మీ అమ్మ చోటురా. వదిలి రాలేను."

"నాకు తెలుసు." నరేంద్ర గోపురం వైపు చూసి, మళ్లీ తండ్రి వైపు చూశాడు. "ఆ రోజు కూడా అద్దంలోనే చూసినాను నాయనా."

"ఏ రోజు?"

"వేలూరు పోయిన రోజు. చిత్తూరు దాటినాక రోడ్డు పక్కన మామిడి పల్పు ఫ్యాక్టరీ లారీలు నిలబడి ఉండినాయి. స్లో చేసినా. అద్దంలో చూస్తే అమ్మ తల నీ భుజం మీంచి జారింది. నువ్వు ఎత్తి మళ్లీ భుజం మీద పెట్టుకున్నావు. కొంగు సర్దినావు. కిటికీ వైపు తిరిగినావు. అప్పుడే నాకు తెలిసిపోయింది."

ఏకాంబరం పక్కనున్న గోడ మీద చెయ్యి ఆనించాడు.

"నువ్వేం చెప్పలేదు. నేను భయపడతానని చెప్పలేదని అర్థమైంది. నాకు తెలిసిందని నీకు తెలిస్తే నువ్వు ఇంకా భయపడతావని, నేనూ ఏమీ తెలియనట్టే నడిపినా. ఆస్పత్రి గేటు దగ్గర నువ్వు చెప్తే అప్పుడే విన్నట్టు ఏడ్చినా." నరేంద్ర పాత కారు వైపు చెయ్యి చూపించాడు. "ఆ కారులో కూచుంటే, కూరగాయలకి పోయినా వేలూరు పోతాండినట్టే ఉంటాది నాకు. అద్దంలో నువ్వు, పక్కన ఆ తువ్వాలు. నీ దగ్గర్నుంచి ఆ సీటు లాక్కోవాలని కాదు. ఆ కారు నడిపేది నావల్ల కావడంలేదు."

కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినిపించింది. ట్రాక్టరు వాళ్లు హారతి ఇస్తున్నారు. భానుశ్రీ కళ్లు తుడుచుకుంది.

"మామా, అత్త పోయినప్పటినుంచి ఈయన నవ్వేదే తక్కువ. మొన్న ఈ కారు బొమ్మ ఫోన్లో చూసి నవ్వినాడు. దీని ముఖం చూడు భానూ, పొద్దున్నే నిద్రలేచినట్టుంది అన్నాడు. నేను అప్పుడే అనుకున్నా, ఇది ఇంటికి రావాలని."

ఏకాంబరం తిరిగి ఆ చిన్నకారును చూశాడు. ఉబ్బిన బుగ్గలు, గుండ్రటి కళ్లు. నిజమే, నిద్ర లేచినట్టే ఉంది. ఇన్నేళ్లూ ఆ మధ్యాహ్నం తనదొక్కడిదే అనుకున్నాడు. ఆ రోజు ఆ కారులో మూడోమనిషి కూడా ఉన్నాడు. చేతులు వణక్కుండా స్టీరింగు పట్టుకుని, ఏడుపు గొంతులోనే పెట్టుకుని, తల్లిని, తండ్రిని ఒక్క గుంత కూడా తగలకుండా తీసుకుపోయాడు. ఆ పిల్లవాడి వీపు చూస్తూ ఇన్నాళ్లు కూర్చున్నాడు తప్ప, ముందుకు వచ్చి ముఖం చూడలేదు.

"నాకు చెప్పాల్సింది గదరా," అన్నాడు.

"నువ్వు కూడా చెప్పాల్సింది గదా నాయనా."

ఏకాంబరం కొడుకు మెడ వెనక చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నాడు. నరేంద్ర పెద్దగా ఏడవలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటిలా తండ్రి భుజం మీద నుదురు ఆనించాడు.

పూజ అయ్యాక నిమ్మకాయలు చక్రాల కింద పెట్టారు. మునిప్రసాద్ టీ తాగి వచ్చి, పాత కారు తాళాలు అందుకున్నాడు. ఏకాంబరం ఒక్కనిమిషం ఆగమని వెనక తలుపు తీశాడు. ఖాళీ సీటు మీద ఎండ పడుతోంది. అరిచేత్తో ఒకసారి నిమిరాడు. తువ్వాలు తీసి మడిచాడు. ఇంక ఏమీ లేదు.

"బండి బాగా చూసుకునేవాళ్లకి ఇయ్యప్పా," అన్నాడు.

"తప్పకుండానయ్యా. ఈడ నిలబడి చెప్తాండా," అన్నాడు మునిప్రసాద్. ఈసారి అందరూ నవ్వారు.

చిన్నకారు దగ్గర భానుశ్రీ ముందు సీటు మడిచి, చీర కాస్త ఎత్తిపట్టుకుని సులువుగా వెనక్కి ఎక్కేసింది. లోపలినుంచి చెయ్యి చాచింది.

"ఆ తువ్వాలు ఇటియ్యండి మామా."

ఏకాంబరం తటపటాయించాడు. ఆమె తీసుకుని పక్కసీటు మీద ముడత లేకుండా పరిచి, చేతిలో మిగిలిన పూలు దానిమీద పెట్టింది.

"అత్త పక్కన నేను కూచుంటాను. మీరు ముందర కూచోండి. ఎంతసేపు నిలబడతారు ఎండలో?"

ముందు సీటు ఎత్తు తక్కువ. మోకాలికి నొప్పి తెలియలేదు. నరేంద్ర వంగి సీటు బెల్టు లాగి పెట్టాడు. కారు కదిలింది. మామిడితోటల నీడ ముందు అద్దం మీద పడి పోతోంది. ఏకాంబరం పక్కకు తిరిగి చూశాడు. కొడుకు చెవిదగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో తెలియదు. ఆ చెవి మాత్రం అచ్చం వాళ్లమ్మదే. ఇన్నాళ్లూ ఎక్కడెక్కడో వెతుక్కున్నది, అంత దగ్గర్లో ఉంది.

ఫోను మోగింది. ఏకాంబరం స్పీకరు పెట్టాడు. రాఘవమ్మ.

"ఏమబ్బా, కొన్నారా? నిన్ను యాడ కూచోబెట్టినారు?"

"ముందరక్కా."

"ముందరా? నిజమేనా?"

"నిజమే. నా కొడుకు పక్కన."

"సరే, నన్ను పాకాలలో దింపేదానికి వచ్చేటప్పుడు నేను యాడ కూచోవాల మరి?" అని అడిగింది రాఘవమ్మ.

"డిక్కీలో అత్తా," అన్నాడు నరేంద్ర, ఫోను వైపు వంగి.

వెనకనుంచి భానుశ్రీ నవ్వింది. నరేంద్ర కూడా పళ్లు కనిపించేలా నవ్వాడు. ఏకాంబరం ఆ నవ్వును అద్దంలో కాదు, పక్కనుంచి చూశాడు. ఫోను ఒళ్లో పెట్టుకుని, కన్ను తుడుచుకుని, చూస్తూనే కూర్చున్నాడు.