ఎర్ర కారు గొంతు

ఉదయం పది గంటలకు తలుపు తోసుకుని వచ్చిన ఆవిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అది మా నాన్న కారు కాదండీ," అంది. "సాయంత్రం నాలుగింటికి వేలం. ఎవరికి చెప్పినా నాకే మతి పోయిందంటున్నారు."

"ముందు కూర్చోండి. నాలుగింటికి ఇంకా ఆరు గంటలుంది," అంది సర్వేయరమ్మ.

సర్వేయరమ్మను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళపాటు బీమా కంపెనీ తరఫున కాలిన గోదాములూ గుద్దుకున్న లారీలూ చూసి, అందులో నష్టమెంతో అబద్ధమెంతో తేల్చిన మనిషి. రిటైరయ్యాక అదే కళ్ళతో ప్రైవేటు పరిశోధన మొదలుపెట్టింది. ఆవిడ సహాయకుడు ఒక మాజీ ప్రూఫ్ రీడరు. నలభై ఐదేళ్ళ వయసులోనూ ఆవిడ మాటలను పరీక్షకు చదువుకునేవాడిలా రాసిపెట్టుకుంటాడు.

వచ్చినావిడ హైస్కూల్లో ఫిజిక్సు టీచరు. ఇరవై ఏళ్ళ కిందట ఆవిడ తండ్రి ఒక ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాడు. అప్పట్లో దాన్ని కన్నెత్తి చూసినవాడు లేడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఇప్పుడు దాని వెల నాలుగేళ్ళలో మూడింతలైంది. తండ్రి నాలుగు నెలల కిందట పోయాడు. వాళ్ళు అద్దెకుంటున్న ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టాడు. కారు అమ్మితే ఇల్లు దక్కుతుంది.

"నిన్న స్టార్ట్ చేశాను. గొంతు వేరు. పోలికలన్నీ అవే, మనిషే కాదు. ఇంజను నంబరు చూస్తే సరిగ్గానే ఉంది. మావారేమో దిగులుతో అలా అనిపిస్తుందంటారు."

"కారు గరాజు దాటి బయటికెళ్ళిందా?"

"ఒక్కసారే. వేలానికి ధర కట్టే వాల్యుయరు గారు కేటలాగు ఫొటోల కోసం లారీ మీద తమ షెడ్డుకి తీసికెళ్ళి మూడు రోజులుంచుకున్నారు. వచ్చి మూడు వారాలైంది. మంచి మనిషండీ. ఒకవేళ ఏ లోపమైనా బయటపడినా బెంగపడొద్దు, లోపమున్న కారునైనా కొనే మనిషిని నేను చూపిస్తానని నిన్నే ధైర్యం చెప్పారు. ఆయన పుణ్యమా అని కారుకి మంచే జరిగింది కూడా. ఎప్పుడూ కిందికి నూనె కారేది, నాన్న పళ్ళెం పెట్టేవారు. ఆదివారం ఆదివారం నేనే పారబోసేదాన్ని. మూడు ఆదివారాలుగా చుక్క లేదు."

సర్వేయరమ్మ చెప్పులు వేసుకుంది. "పద," అంది సహాయకుడితో.

గరాజు ఇంటి వెనక ఉంది. గోడ నిండా బోల్టులు విప్పే పానాలు వరసగా వేలాడుతున్నాయి. సర్వేయరమ్మ బానెట్ ఎత్తి, ఇంజనును పట్టి ఉంచే బోల్టుల మీద టార్చి వేసింది. చుట్టుపక్కల బోల్టులకు ఏళ్ళనాటి మసి పట్టి ఉంది, ఈ నాలుగింటి తలలు మాత్రం వెండిలా మెరుస్తున్నాయి. టీచరు తండ్రి ప్రతి సర్వీసుకీ ఫొటోలు తీసి ఆల్బంలో అంటించేవాడట. సహాయకుడు ఆ ఆల్బం తెచ్చి ఇంజను నంబరు పక్కన పెట్టాడు. ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు.

"అమ్మగారూ, అంకెలు అవే. అచ్చు మాత్రం వేరు. ఫొటోలో ఏడు ఎడమకి ఒరిగింది. ఇక్కడ నిటారుగా నిలబడింది."

"ఇరవై ఏళ్ళు అచ్చుతప్పులు దిద్దినందుకు ఇవాళ ఫలితం దక్కింది," అంది సర్వేయరమ్మ. "ఇంజను మార్చి, దొంగ నంబరు కొట్టారు."

గరాజు తాళం తన దగ్గరా, బాబాయి దగ్గరా ఉంటుందని టీచరు చెప్పింది. ఇంజను విప్పడం వచ్చినవాడు ఆ కారు బాగుచేసే మేస్త్రి. ఇద్దర్నీ పిలిపించారు.

బాబాయి వస్తూనే విసుక్కున్నాడు. "ఇనుమూ రబ్బరూ. దీన్ని అమ్మితే ఇల్లొస్తుందంటే లోకం చెడిపోయినట్టే. చెడిపోయినప్పుడే అమ్ముకోవాలి, బాగుపడితే ఎవడు కొంటాడు?"

"పెద్దాయన పోయాక మేస్త్రిని రావద్దన్నది మీరేనటగా?" అంది సర్వేయరమ్మ.

"నేనే. అమ్మే కారుకి ఇంకా మరమ్మతులెందుకని."

మేస్త్రికి అరవై దాటాయి. ఆ కారును పద్దెనిమిదేళ్ళు చూసుకున్నాడు. పెద్దాయన పోయాక ఈ గుమ్మం తొక్కనే లేదన్నాడు.

"ఈ కారుకి చెబుతున్న ధర న్యాయమేనంటావా?" అని అడిగింది సర్వేయరమ్మ.

"నాకేం తెలుసమ్మా. నడపడం వచ్చినవాడికి ఎంతిచ్చినా తక్కువే. రానివాడికి ఎంతిచ్చినా దండగే." అతను ఇంజను వైపు వంగి చూశాడు. అతని మొహం నల్లబడింది. "ఇది చవక రకం ఇంజను. ఎవరు చేశారమ్మా ఈ పని? అందరూ నన్నే అంటారు."

ఒంటి గంటకు వాల్యుయరు ఫోనులో దొరికాడు. ధర సంగతి ఎత్తగానే హుషారుగా చెప్పుకుపోయాడు. "చేత్తో గేరు వేసే చివరి తరం కార్లండీ ఇవి. చిన్నప్పుడు వీటి బొమ్మలు గోడకంటించుకున్న పిల్లలకి ఇప్పుడు సంపాదన వచ్చింది. ఇలాంటివి మళ్ళీ చెయ్యరు. అయితే పుట్టినప్పటి ఇంజనే ఉండాలి. మారితే సగం ధర కూడా రాదు. అందుకే నాలుగింటికి అందరి ముందూ నంబరు మళ్ళీ పరీక్షిస్తాను."

ఫోను పెట్టేసి సర్వేయరమ్మ రెండు నిమిషాలు అటూ ఇటూ నడిచింది. తర్వాత తనకు తెలిసిన ఇన్‌స్పెక్టరు నంబరు తిప్పింది. సహాయకుడి చెవిలో ఏదో చెప్పింది. అతను నోటుబుక్కు జేబులో కుక్కుకుని పరుగెత్తాడు.

మూడున్నరకల్లా ఇంటి ముందు పది పన్నెండు మంది కొనేవాళ్ళు పోగయ్యారు. సర్వేయరమ్మ టీచర్నీ, బాబాయినీ, మేస్త్రినీ, అప్పుడే వచ్చిన వాల్యుయరునూ గరాజులోకి పిలిచి తలుపు వేసింది.

"ఒక కబురు. టీచరుగారు కారు అమ్మడం మానుకున్నారు. ఇవాళే కాదు, ఎప్పటికీ."

బాబాయి తల పట్టుకున్నాడు. మేస్త్రి కళ్ళు మెరిశాయి. వాల్యుయరు మాత్రం రెండడుగులు ముందుకొచ్చాడు.

"అలా ఎలా కుదురుతుంది? మూడింట ఒక వంతుకైనా సరే, ఇప్పటికిప్పుడు కొనే మనిషి నా దగ్గరున్నాడు."

"మంచి కారుకి అంత తక్కువెందుకండీ? లోపమేదో ఉందని మీకు ముందే తెలుసా?"

అతను మూసిన తలుపు వైపు జరిగాడు.

"దొంగ ఎవరని ఎంత ఆలోచించినా తెగలేదు," అంది సర్వేయరమ్మ. "దొంగకి లాభమేమిటని ఆలోచిస్తే తెగింది. ఆ ఇంజనుకి విలువ ఈ కారులో ఉంటేనే. ఇంకో కారులో పెడితే నంబరు కలవదు. కాబట్టి ఎత్తుకెళ్ళినవాడు దాన్ని అమ్ముకోడానికి కాదు, మళ్ళీ ఈ కారులోనే పెట్టడానికి ఎత్తుకెళ్ళాడు. అంటే ఈ కారు అతనికి కావాలి, అదీ చవగ్గా. అందరి ముందూ నంబరు దొంగదని బయటపడాలి. కొనేవాళ్ళు పారిపోవాలి. నింద మేస్త్రి మీద పడాలి. మూడింట ఒక వంతుకి తన మనిషి చేత కొనిపించి, అసలు ఇంజను బిగించి, పూర్తి ధరకి అమ్ముకోవాలి. నూనె కారడం ఎప్పుడు ఆగింది? కారు మీ షెడ్డు నుంచి తిరిగొచ్చాక. కారే ఇంజను మీ దగ్గరే ఉండిపోయింది కాబట్టి."

"రుజువేది?" అన్నాడు వాల్యుయరు.

సర్వేయరమ్మ గడియారం చూసింది. మూడూ యాభై. బయట లారీ బ్రేకు చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు వెనక సహాయకుడు, ఒళ్ళంతా గ్రీజు, మొహంలో పండగ.

"ఫొటోల షెడ్డు వెనక గదిలో ఉందమ్మగారూ. మీరన్నట్టే దుప్పటి కప్పి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు దాచారు. ఏడు ఒరిగే ఉంది."

వాల్యుయరు చిన్న స్టూలు మీద కూలబడ్డాడు. "నాలుగేళ్ళుగా ఊరందరికీ ఈ కార్లకి ధర కట్టాను," అన్నాడు నేలవైపు చూస్తూ. "ఒక్కటైనా నాది కాలేదు."

ఇన్‌స్పెక్టరు అతన్ని తీసుకెళ్ళాడు. బాబాయి మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, "రావద్దన్నది నా బుద్ధి తక్కువయ్యా. రేపట్నుంచి రా," అన్నాడు.

నెల తర్వాత, మేస్త్రి అసలు ఇంజను బిగించాక, అదే ఆవరణలో వేలం జరిగింది. సర్వేయరమ్మా సహాయకుడూ చివరి వరసలో కూర్చున్నారు. పాట వాల్యుయరు ఊదరగొట్టిన ధరదాకా పోలేదు. మూడింతలన్న చోట రెండింతల దగ్గర ఆగింది. ఇల్లు కొనడానికి అది చాలు. గెలిచినావిడ ఊరి ఆసుపత్రిలో నర్సు, ఇల్లు కట్టుకుందామని ఇన్నేళ్ళుగా కూడబెట్టిన డబ్బు తెచ్చింది. రోజూ డ్యూటీకి దీన్లోనే వెళ్తానని చెప్పి, సాయంత్రమే తాళాలు తీసుకుంది. టీచరు నవ్వుతూ ఏడుస్తూ ఆవిడ చేతులు పట్టుకుంది.

తిరిగి నడిచొస్తూ సహాయకుడు నోటుబుక్కు తీశాడు. "అమ్మగారూ, ఇంతకీ ఈ ధరలు న్యాయమేనంటారా? ఇల్లు వదిలి ఇనుము కొనడమేమిటి?"

"బుద్ధున్నవాడు కొంటాడా," అంది సర్వేయరమ్మ. "రేపు పెరుగుతుందని దాచుకునేవాడు జూదగాడు. అచ్చమైన తెలివితక్కువ."

"మరి పాట మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తింది మీరే కదండీ?"

సర్వేయరమ్మ నడక వేగం పెంచింది.

"మూడోసారి నువ్వు నా చెయ్యి పట్టుకోకపోతే," అంది చివరికి, "ఈపాటికి మనం నడిచి వెళ్ళేవాళ్ళం కాదు."