తాతయ్య బండికి కొత్త వైర్లు

"అమ్మా, ఇంకా ఎంతసేపు?"

మెరిన్ ఇలా అడగడం ఎన్నోసారో వాళ్ళమ్మ లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది.

షెడ్డులో తాతయ్య పాత ఇంగ్లండు మోటార్ సైకిల్ నిలబడి ఉంది. ఎలుకలు కొరికిన వైర్లన్నీ పీకేసి, చలికాలమంతా కూర్చుని అమ్మ కొత్తవి వేసింది. ఈ రాత్రే పక్క ఊళ్ళో తాతయ్య పుట్టినరోజు విందు. అమ్మ ఈ బండి మీదే వెళ్ళి ఆయన గుమ్మం ముందు దిగాలి. ఆ సంగతి తాతయ్యకు తెలియదు.

"ఇక బ్యాటరీ ఒక్కటే. ఫ్యూజు ఇంట్లో ఉంది, తెస్తాను. నేనొచ్చేదాకా ఏదీ ముట్టుకోకు" అంది అమ్మ.

మెరిన్ కాళ్ళు ఒకచోట నిలవలేదు. స్పానర్ తీసింది, పెట్టేసింది. గుమ్మం దాకా వెళ్ళి చూసింది. అమ్మ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. ఇక వచ్చినట్టే!

బ్యాటరీ తగిలించడం ఏమంత బ్రహ్మవిద్య? ట్రాక్టరుకైనా, నాన్న ట్రక్కుకైనా నల్ల వైరు ఇనుప ఫ్రేముకే కదా! ఎన్నిసార్లు చూడలేదు! తగిలించేసింది.

చిటపటమంది. ట్యాంకు కింద నుంచి పొగ. మెరిన్ రెండు వైర్లూ లాగేసి, టోపీతో విసిరి పొగను చెదరగొట్టింది.

"ఏంటే ఈ మాడు వాసన?" అంది అమ్మ, వస్తూనే.

"నాన్న టోస్టు మాడ్చినట్టున్నాడు."

అమ్మ నవ్వి, ఫ్యూజు పెట్టి, ఎర్ర వైరును ఫ్రేముకి బిగించింది. "చూశావా? ఈ పాత బళ్ళకి అంతా తలకిందులు. ఎర్రదే ఫ్రేముకి."

లైటు వెలిగింది. ఇంజను డుగుడుగుమంది. అమ్మ చిన్నపిల్లలా గెంతింది.

లైటు వెలిగిందిగా, ఏమీ కాలేదులే అనుకుంది మెరిన్. మధ్యాహ్నమంతా అదే అనుకుంటూ ఇల్లంతా తిరిగింది. మాంసం కూరిన పాస్టీ సగం కొరికి వదిలేసింది.

"ఏంటే, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?" అన్నాడు నాన్న.

పొద్దు వాలుతుండగా అమ్మ హెల్మెట్ పెట్టుకుంది.

"కంగారూలు రోడ్డెక్కే వేళ. లైటు వేసుకునే వెళ్ళు" అన్నాడు నాన్న. "మేమిద్దరం వెనకాల ట్రక్కులో వస్తాం."

ఆ లైటు దారిలో ఆరిపోతే? మెరిన్ పరుగున వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడింది.

"వెళ్ళకమ్మా! నేను బ్యాటరీ తగిలించాను. నల్లది ఫ్రేముకి. పొగొచ్చింది. టోస్టు కాదు!"

అమ్మ ఇంజను ఆపింది. వైర్లకు చుట్టిన టేపు కోసి చూసింది. లోపల ఒక వైరు తొడుగు కరిగి, లైటు వైరుకు అతుక్కుపోయి ఉంది. అమ్మ ముఖం పాలిపోయింది.

"నాకు చాలా కోపంగా ఉంది మెరిన్. కాసేపు నాతో మాట్లాడకు."

బండిని తాళ్ళతో కట్టి ట్రక్కు మీద తీసుకెళ్ళారు.

బండిని చూడగానే తాతయ్య కళ్ళు ఇంతింతయ్యాయి. "నా బండే! ఒక్కసారి స్టార్ట్ చెయ్యండి, ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో!"

చుట్టాలంతా చూస్తున్నారు. అమ్మ ఏదో చెప్పబోయింది.

"ఇప్పుడు కుదరదు తాతయ్యా" అంది మెరిన్. "అమ్మ బాగానే చేసింది. నేనే వైర్లు కాల్చేశాను."

తాతయ్య ముఖం చిన్నబోయింది. అది చూసి మెరిన్‌కు ఏడుపొచ్చింది. అప్పుడు అమ్మ చెయ్యి వచ్చి మెరిన్ భుజం మీద ఆగింది.

మర్నాడు తాతయ్య ఇంటి పెరట్లోనే కొత్త వైరు వేశారు. ఇక బ్యాటరీ తగిలించడమే మిగిలింది. అమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. తాతయ్య కళ్ళజోడు కోసం లోపలికి వెళ్ళాడు. బండి పక్కన బ్యాటరీ, మెరిన్, అంతే.

మెరిన్ పాదాలు టకటకా నేలను తన్నుతున్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది.

"తాతయ్యా! కళ్ళజోడు దొరికిందా?"

"ఇంకా లేదే!"

"సరే, నెమ్మదిగానే వెతుక్కో!" అని అరిచింది మెరిన్.