నీళ్ళెరుగని చేపలు

పొద్దున్నే కాఫీ కప్పు పెట్టుకుందామంటే భోజనాల బల్ల మీద చోటు లేదు. తెల్ల ఈకలు, మేకతోక వెంట్రుకలు, సీసం తీగ చుట్ట, తళతళలాడే పోగులు. బల్ల అంచుకు బిగించిన చిన్న వైస్‌లో ఒక గాలం. దాని మీదికి ఒంగి అమ్మ ఈకలు పెట్టి దారం చుడుతోంది, ఎరగా వేసే ఉత్తుత్తి చేపపిల్లను కడుతోంది.

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు కొడుకు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది, ఏడు కల్లా బయటపడాలి.

"ఊపిరి మెల్లగా వదలరా, ఈకలెగిరిపోతాయి."

పక్కనే కూర్చున్న కోడలు నవ్వు ఆపుకుంది. "ఆ ఇనప కళ్ళు అంత బరువెందుకత్తయ్యా?"

"బరువుంటేనే తల ముందుకొంగి, అసలు చేపపిల్లలా మునుగుతుందమ్మా. కళ్ళు ఈ వైపు కడితే నీళ్ళలో ముల్లు పైకి తిరుగుతుంది, నాచులో చిక్కదు."

"ఎవరి కోసం ఇదంతా? నాన్న పోయి ఏడాదైంది" అన్నాడతను, కాస్త విసుగ్గానే.

"నా కోసం. రేపు చెరువుకెళ్తున్నా."

అతను కప్పు భార్య చేతిలో పెట్టాడు. పనిసంచీ తీసుకుని బయటికి నడిచాడు.

ఆ చెరువులోనే, మోకాలి లోతు నీళ్ళలో, చేతిలో గాలపు కర్రతోనే నాన్న గుండె ఆగిపోయింది. ఒడ్డుకు మోసుకొచ్చింది అతనే. ఆ తర్వాత పని మీద వెళ్ళాల్సొచ్చినా చుట్టు తిరిగి పోయేవాడు తప్ప, ఆ దారి తొక్కలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర నాన్న రబ్బరు బూట్లు, గాలపు కర్ర సిద్ధంగా ఉన్నాయి. అతనికి ఒళ్ళు మండిపోయింది. కర్ర లాక్కుని కారు డిక్కీలో పడేసి తాళం వేశాడు.

"ఏంట్రా ఆ పని?" అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు. నాన్నని మింగింది చాలదా ఆ చెరువు?"

"చెరువేం చేసిందిరా? ఆయన గుండె ఆగింది. ఇంట్లో ఆగుంటే ఇల్లు కూలగొట్టేవాడివా?"

అమ్మ అరుగు మీద కూలబడింది.

"పెళ్ళయిన కొత్తలోంచీ కడుతున్నా. ఆయన పట్టుకెళ్ళడం, సాయంత్రం వచ్చి 'ఏం ఈదిందే నీ చేప!' అని మురిసిపోవడం. నేనూ వస్తానంటే వంట, మీ బడి, మీ జ్వరాలు. ఒక్కసారీ తీరింది కాదు. కళ్ళ డాక్టరేమన్నాడో నీకూ తెలుసు, ఈ చూపెన్నాళ్ళో లేదు. కన్న పిల్లలు నడుస్తుంటే ఒక్కసారీ చూడని తల్లిని ఏమంటార్రా?"

అతను తల దించుకున్నాడు. ఇన్ని చేపలు కట్టిన అమ్మ వాటిలో ఒక్కదాన్నీ నీళ్ళలో చూడలేదన్న సంగతి ఇన్నేళ్ళలో తనకి తట్టనేలేదు.

"నేను తీసుకెళ్తా లెండి, అత్తయ్యా" అంది కోడలు.

"వద్దు" అన్నాడతను. కారు దగ్గరికెళ్ళి డిక్కీ తాళం తీశాడు. "నేనే తీసుకెళ్తా."

మర్నాడు చెరువు అద్దంలా ఉంది. ఒడ్డున రాళ్ళ దగ్గర నీళ్ళు అడుగు దాకా తేటగా కనిపిస్తున్నాయి. అతను నాన్న బూట్లు తొడుక్కున్నాడు. పళ్ళ బిగువున నీళ్ళలోకి దిగి, నాన్న నేర్పినట్టే కర్ర ఊపాడు. తెల్లటి ఎర అమ్మకెదురుగానే పడింది.

తలొంచుకుని మునిగింది. దారం లాగగానే తలెత్తింది. వెంట్రుకలు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి, ఊపిరి తీస్తున్నట్టే. మెరుపు పోగుల మీద ఎండ పొలుసులా జారింది. ఎర పడగానే అదిరి చెదిరిన చేపపిల్లలు ఒక్కొక్కటే తిరిగొచ్చి దాని పక్కన చేరాయి. దాంతోపాటే మలుపు తిరిగాయి. తమలో ఒకటనుకున్నాయి!

"ఒరేయ్... వాటికి కూడా తెలియట్లేదురా!" రాళ్ళ మీద మోకరిల్లిన అమ్మ గొంతు గుసగుసగా వచ్చింది.

అంతలో అడుగు చీకట్లోంచి ఓ పెద్ద నీడ లేచింది. నీళ్ళు భళ్ళుమన్నాయి. కర్ర విల్లులా వంగింది. అతను గబగబా ఒడ్డుకొచ్చి కర్ర అమ్మ చేతుల్లో పెట్టి, పైన తన చేతులు వేశాడు. ఆ లాగుడు ఇద్దరి భుజాల దాకా పాకింది. అలిసిన చేపను ఒడ్డుకు తెచ్చి, ముల్లు తీసి వదిలేశారు. తోక ఒక్కసారి ఝాడించి అది లోతుల్లోకి జారిపోయింది.

అమ్మ తడి చేతుల్ని చూసుకుంటూ ఏడుస్తోంది, నవ్వుతోంది. అతనికీ కళ్ళు చెమర్చాయి.

"అమ్మా, నేను నిన్ను..."

"ష్! మాట్లాడకు."

ఆవిడ ఒక అరచేయి మళ్ళీ నీళ్ళలో ముంచింది. చెదిరిన చేపపిల్లలు మళ్ళీ వచ్చి, ఆ వేళ్ళ మధ్యలోంచి ఈదుతున్నాయి.