గడప దాటితే సైన్యం

"కుర్రాణ్ణి ప్రాణాలతో తీసుకురావాలి. శవాన్ని తేవడానికి నువ్వక్కర్లేదు, కార్గో వాళ్ళున్నారు."

దోహాలోని నజ్మా పేటలో, చాయ్ కొట్టు వెనక గదిలో చీఫ్ అన్న మాటలు ఏజెంట్ భరణి చెవుల్లో ఇంకా మోగుతున్నాయి.

వెస్లీకి పద్దెనిమిదేళ్ళు. పరాయి దేశంలో పుట్టాడు గనక అక్కడి పౌరసత్వం ఉంది. అది ఉన్నంతకాలం సైన్యంలో చేరి తీరాలి. అక్కడేమో యుద్ధం. దోహాలో ఉన్న ఆ దేశపు ఎంబసీలోనే పౌరసత్వం వదులుకోవచ్చు గానీ నెలలు పడుతుంది. "ఫ్లైట్ ఎక్కి సంతకం పెట్టిరండి, ఒక్కరోజు పని" అని ఓ ముఠా ఆశ పెట్టింది. అలా వెళ్ళిన ముగ్గురికీ దిగగానే యూనిఫారం తొడిగారు. ఒకడు పెట్టెలో తిరిగొచ్చాడు.

"ముఠాలో మన మనిషి ఉంది. ఎవరో చెప్పను. పట్టుబడితే నీ నోట రాకూడదు," అన్నాడు చీఫ్.

ఇప్పుడు ఊరి బయట అల్ వుకైర్‌లోని ఆ ముఠా విల్లాలో, పెట్టుడు మీసంతో డ్రైవర్ వేషంలో నిలబడ్డాడు భరణి. జేబులోని పెన్ను నొక్కి పోలీసులకు సిగ్నల్ ఇచ్చాడు. వాళ్ళింకా రాలేదు. గార్డులిద్దరి దగ్గరా పిస్టళ్ళున్నాయి. నోరు విప్పితే మొదటి గుండు కుర్రాడికే.

"యల్లా, పదండి! ఫ్లైట్ టైమ్!" బంగారు జుట్టు, నల్ల కళ్ళద్దాల మేడమ్ కత్రీనా గుమ్మం వైపు నడిచింది. ముఠా మాట నమ్మి వచ్చిన వెస్లీ తల్లి సామ్రాజ్యం, కొడుకు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తోంది.

ఇంకేం తోచక, భరణి మీసంలోంచి ఒక వెంట్రుక పీకి ముక్కులో దూర్చాడు.

"హాఛ్!"

"ఆగరా వెస్లీ! ప్రభువు కాపాడతాడనుకో... అయినా ఒంటి తుమ్ము. కాసేపు కూర్చుని వెళ్ళు," అంది సామ్రాజ్యం.

భరణి ఆమెను చూడటం లేదు. గడప దాటబోయిన కత్రీనా హైహీల్ టక్కున వెనక్కి వచ్చింది. దొరసానికి తుమ్ముతో పనేమిటి?

"పాస్‌పోర్ట్ లోపల మర్చిపోయాను," అని ఆమె ఇంగ్లీషులో ఒక గార్డును పంపేసింది. అప్పుడే బయట సైరన్. రెండోవాడు వెస్లీ కణతకు పిస్టల్ ఆనించాడు. కత్రీనా కాలు లేచింది. గుండు సీలింగ్‌లో దిగింది. భరణి వాడి మీదికి దూకాడు. పోలీసులు లోపలికొచ్చారు.

"గదేం తుమ్మన్నా! గుండె ఆగినంత పనైంది," అంది కత్రీనా విగ్గు తీస్తూ. పేరు మనీషా, ఊరు నల్గొండ.

వారం తర్వాత వెస్లీ అసలు ఎంబసీకి బయల్దేరాడు, పౌరసత్వం వదులుకునే దరఖాస్తు పెట్టడానికి. తోడుగా వచ్చిన భరణిని సామ్రాజ్యం గుమ్మంలోనే ఆపేసింది.

"మా పాలిట దేవుడు పంపిన మనిషివి బాబూ, కాదన్ను. వాడు కారెక్కేదాకా కాస్త ఆ పక్క వీధిలో నిలబడు."