పక్కకు పోని కన్ను

ఉదయం ఎనిమిదికే గాజువాక చూపుకేంద్రం ముందు రేవు కార్మికులు బారులు తీరారు. ఒక్కొక్కరూ గోడలోని దీపం వంక చూసి ఎన్ని కనబడుతున్నాయో చెప్పాలి. రెండు అన్నవాడి కంటి కండరానికి కుట్టిన సర్దుదారం అక్కడికక్కడే వెంట్రుకవాసి బిగిసి, రెండూ ఒకటయ్యేదాకా కన్నును లాగుతుంది. మెల్లకన్ను వాడికి క్రేను ఇవ్వరు గనక రేవులో ఇప్పుడు మెల్లకన్నే లేదు.

లోపల డాక్టర్ మృదుల ఎదుట నూకరత్నం కూర్చుంది. కుడిచేయి కట్టుతో మెడకు వేలాడుతోంది. పక్కన పన్నెండేళ్ల కూతురు హేమ, పెదవి చిట్లి ఉంది. రత్నం భర్త పైడిరాజుకు మూడు నెలల కిందట మృదులే దారం కుట్టింది. కంటికి మాత్రం మత్తిచ్చి, మెలకువగా ఉన్న మనిషిని ఎన్ని కనబడుతున్నాయో అడుగుతూ అడుగుతూ ముడి సర్దింది. వెయ్యిమందిలో తొమ్మిదివందల తొంభైమందికి ఫలితం బ్రహ్మాండం. ఆ లెక్కంటే ఆమెకు మహా గర్వం.

"ఆ దారం వదులు చేసీయండి డాట్రమ్మా," అంది రత్నం.

"ఎందుకు? చూపు చక్కగా కుదిరిందిగా!"

"అదే మా పేణం మీదకొచ్చింది. ముందు ఆయనకి కోపమొస్తే ఎడమ కన్ను పక్కకి ఎల్లిపోయీది. చెయ్యి లేవకముందే మాకు తెలిసిపోయీది. పిల్లని లాక్కుని పక్కింటికి పోయీదాన్ని. పద్నాలుగేళ్లు అలాగే బతికినాను."

నిన్న మధ్యాహ్నం పైడిరాజు అన్నానికి కూర్చున్నాడు. రత్నం అలవాటుగా కన్ను చూసింది. తిన్నగా ఉంది. నిశ్చింతగా పులుసు వడ్డించడానికి వంగింది. అతను పీట ఎత్తి ఆమె మోచేతి మీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడుకు హేమ పరుగెత్తుకొస్తే, జుట్టు పట్టి ముఖాన్ని గోడకేసి కొట్టాడు. తప్పేమిటో ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు. అంతసేపూ అతని కళ్లు పెళ్లిఫొటోలో ఉన్నట్టు తిన్నగానే ఉన్నాయి.

మృదులకు సిగ్గేసింది. ఆమె ఫలితాల పట్టికలో ఇంట్లోవాళ్లకు గడి లేదు మరి.

"ఆయన ఒప్పుకోకుండా నేను వదులు చేయకూడదమ్మా. పోలీసులకు..."

"రెండుసార్లు ఎల్లినాం. ఆయనకి బుద్ధి చెప్పి పంపీసినారు."

అంతలో తలుపు తెరుచుకుంది. మూడు నెలల పరీక్షకు పైడిరాజు వచ్చాడు. తాగి లేడు. చేతిలో జంతికల పొట్లం ఉంది. భార్యాబిడ్డల్ని చూసి నవ్వాడు. మృదుల ఆ కళ్లలోకి చూసింది. తను సరిచేసిన కళ్లే, అయినా ఏమీ తెలియలేదు. రత్నం లేచి గోడకు అంటుకుపోయింది.

"అమ్మలూ, ఇలా రా," అంటూ పైడిరాజు కూతురి తల మీదికి చెయ్యి చాపాడు.

బల్ల మీది ఇనుప దీపపు స్టాండును ఎప్పుడు అందుకుందో, హేమ రెండు చేతులతో ఎత్తి అతని ముఖం మీద కొట్టింది. ముక్కు పగిలింది. మోకాళ్ల మీద పడ్డవాణ్ని మళ్లీ కొట్టింది. మూడో దెబ్బకు ఎడమ కన్ను చితికిపోయింది. మృదుల వెనకనుంచి వాటేసుకుని లాగితే గాని ఆగలేదు.

జంతికలు నెత్తుట్లో చెల్లాచెదురయ్యాయి. పైడిరాజు చేతుల్లో ముఖం దాచుకుని పసివాడిలా ఏడ్చాడు.

"కొట్టడానికి కాదే తల్లీ... తల నిమురుదామనే చెయ్యి చాపినాను."

ఆ మాట నిజమే కావచ్చు. హేమ మాత్రం స్టాండును వదలలేదు.

"నాకెలా తెలుస్తాది నాన్నా?" అంది.