నోటికి రాని పేరు

సరిగ్గా వాన మొదలవుతుండగా వచ్చాడా అబ్బాయి, నందిగామ నుంచి బస్సులో. పేరు ఓంకార్. అక్కడి కంప్యూటర్ సెంటర్లో మా మనవరాలు కృష్ణప్రియకి పాఠాలు చెప్పినవాడే. ఇంకా చెప్పులైనా విప్పలేదు, మా ప్రియ మొదలెట్టింది.

"పొద్దున ఫోన్ చేస్తే ఇప్పుడా రావడం?"

"పాస్‌వర్డ్ మర్చిపోయింది మీరండీ, నేను కాదు."

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నా. ఆ కంప్యూటర్ పెట్టెలోనే మా ఆయన గొంతుంది మరి. ఆయన పోకముందు ప్రియ చిన్న మైకు పెట్టి, ఆయన కబుర్లన్నీ అందులో దాచింది. రోజూ మధ్యాహ్నం భోంచేశాక వినేదాన్ని. మొన్న పాస్‌వర్డేదో మార్చిందట. అడిగితే "మర్చిపోయా నానమ్మా, నోటికి రావట్లేదు" అని తప్పించుకు తిరుగుతోంది.

ఓంకార్ ఏవేవో మీటలు నొక్కి, చివరికి తలెత్తాడు.

"ఎటునుంచి వెళ్ళినా అదే అడుగుతోందండీ. ఇక ఫార్మాట్ కొట్టాల్సిందే."

"కొట్టెయ్ బాబూ," అన్నాడు మా అబ్బాయి జగన్నాథరావు. వాడికి భోంచేసి మళ్ళీ కొట్టు తెరిచే తొందర.

"మరి ఆయన గొంతో?" అన్నా.

"పోతుంది మామ్మగారూ."

"వద్దు!" అని అరిచింది ప్రియ. కళ్ళనిండా నీళ్ళు. నోరు తెరిచింది, వాళ్ళ నాన్నని చూసింది, మళ్ళీ మూసేసింది.

అప్పుడు తట్టింది నాకు. నందిగామ వెళ్ళే కొత్తలో ఇంట్లో ఒకటే గోల, ఓంకార్ అలా అన్నాడు, ఓంకార్ ఇలా నవ్వాడు అని. ఈమధ్య ఆ పేరే వినపడదు. "వాళ్ళు" అంటుంది, "ఆ సెంటర్లో ఆయన" అంటుంది. పొద్దున ఫోన్లో కూడా, "హలో, మిమ్మల్నే" అంది!

నేను చదివింది మూడో తరగతి. అయినా ఈ పాఠం నాకొచ్చు. మా ఆయన పేరు ఇన్నేళ్ళలో నా నోటితో పలికింది లేదు. రేషన్ కార్డు రాసేవాడు అడిగితే పక్కింటి సౌభాగ్యమ్మ చేత చెప్పించా. భయం కాదు, వట్టి మర్యాదా కాదు. నా ఒక్కదానిదైనదాన్ని పదిమంది ముందు బయట పెట్టినట్టుండేది.

లేచి, ఆ అబ్బాయి చెవి దగ్గర మెల్లిగా అన్నా. "ఒక్కసారి నీ పేరు కొట్టి చూడు బాబూ."

వింతగా చూశాడు. కొట్టాడు. చుక్కలు వరసగా పడ్డాయి. పెట్టె తెరుచుకుంది.

ఓంకార్ చెవులు ఎర్రబడ్డాయి. ప్రియేమో కిటికీలోంచి వానని చూస్తోంది, మా జగ్గయ్యపేటలో ఎప్పుడూ వాన పడనట్టు.

"ఇంతకీ ఏంటే ఆ పాస్‌వర్డ్?" అన్నాడు జగన్నాథరావు.

"నేను చెప్పను నాన్నా." గొంతు వినపడీ వినపడనట్టుంది. "చెప్పలేను."

వాడు కూతుర్ని చూశాడు, ఆ ఎర్ర చెవుల్ని చూశాడు, నన్ను చూశాడు. ఎంతైనా వాళ్ళ నాన్న పేరు అమ్మ నోట ఒక్కసారీ వినకుండా పెరిగినవాడు. చేతిలో కొట్టు తాళాలు మళ్ళీ బల్లమీద పెట్టాడు.

"బాబూ, ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళని పేట రమ్మను."

"అలాగేనండీ. ఆదివారం సెంటర్‌కి సెలవేనండీ," అన్నాడా పిల్లాడు, ఇంకేం తోచక.

ప్రియ వచ్చి మీట నొక్కింది. గరగరమని ఓ దగ్గు, ఆ వెనకే మా ఆయన.

"ఏమే, కాఫీలో పంచదార మర్చిపోయావా?"

"మర్చిపోలేదండీ," అన్నా. "డాక్టరు వద్దన్నాడు."